హవాయి దీవులలో తొమ్మిది రాత్రులు



నేటి ప్రసంగము మన దేశమునకు మిక్కిలి దూరమైన యొక ద్వీపసమూహమును గూర్చినది. అయినను మన గ్రామములకు దానితో సంబంధము లేకపోలేదు. కుమారుడో కుమార్తెయో అమెరికాలో ఉద్యోగము చేయుచున్న యిండ్లు నేడు మన జిల్లాలలో అన్నిటను గలవు. తల్లిదండ్రులు వారిని చూడబోయి కొన్ని నెలలు అచ్చట నుండి వచ్చుట పరిపాటి యైనది. ఆ నెలలలో పిల్లలు తమ కొలది సెలవులను కూడబెట్టుకొని, పెద్దలను ఏదో యొక చోటికి తీసికొనిపోవ దలతురు. అట్టి చోట్లలో హవాయి దీవులు ముఖ్యమైనవి. అప్పుడు ఇంటిలో పుట్టు ప్రశ్న యిది: ఏ దీవికి పోవలెను? రెండు దీవులకు పోయినచో, ఉన్న దినములను వానికెట్లు పంచవలెను?

పిల్లలు ఈ ప్రశ్న వేసినప్పుడు మన పెద్దలలో పెక్కుమంది "మీ యిష్టము నాయనా" అని యూరకుందురు. అది మర్యాదయే కాని మేలు కాదు. సంవత్సరమునకు దొరకు రెండు వారముల సెలవును, కష్టార్జితమైన ధనమును పిల్లలు వెచ్చింతురు. మోకాళ్ళ నొప్పియో, ఉబ్బసమో, గుండె నలతయో గలవారు నోరు మెదపకున్నచో, ఆ నలత కొండమీద బయటపడును. అప్పుడు చూడవలసినది చూడక, వైద్యుని కొరకు వెదకవలసి వచ్చును. కావున ఈ పంపకములో పెద్దలకును ఒక మాట యుండవలెను. మాట చెప్పవలెనన్నచో సంగతి తెలియవలెను గదా. అందులకే ఈ ప్రసంగము.

ముందుగా ఆ దీవుల ఉనికి. ఉత్తర అమెరికా పడమటి తీరమునకు సుమారు 2,400 మైళ్ళ దూరమున, పసిఫిక్ మహాసముద్ర మధ్యమున ఇవి యున్నవి. పడమటి తీరమునుండి విమానము ఐదారు గంటలలో చేర్చును. 1898లో అమెరికా వీనిని తనలో కలుపుకొనెను. 1959లో ఇవి ఆ దేశమున ఏబదవ రాష్ట్రమైనవి. కావున అమెరికాకు చెల్లు ప్రవేశానుమతి గలవారికి ఇచ్చటికి వేరొక అనుమతి యక్కరలేదు. మనకు రాత్రి 9:30 గంటలైనప్పుడు అచ్చట అదే దినము ఉదయము 6 గంటలగును.

పెద్ద దీవులు ఎనిమిది. వానిలో ఒకటి నిర్జనము, మరియొకటి కొందరి సొంత ఆస్తి. యాత్రికులు ఎక్కువగా పోవునవి నాలుగు: ఓవాహు, మౌయి, కవాయి, హవాయి. రాష్ట్రమునకును ఈ కడపటి దీవికిని పేరొకటియే యగుటచే, గందరగోళము లేకుండ దీనిని 'పెద్దదీవి' యందురు. నేనును అట్లే చెప్పెదను. నేడు మనము ఉదాహరణముగా తీసికొనునవి పెద్దదీవియు, మౌయియు. ఈ రెండును ఇరుగుపొరుగులు; నడుమ నున్నది సుమారు 30 మైళ్ళ వెడల్పు గల సముద్రపు పాయ. అయినను ఆ పాయను దాటించు ప్రయాణికుల ఓడ లేదు. విమానమే గతి.

ఈ దీవులన్నియు అగ్నిపర్వతములే. సముద్రగర్భమున, భూమిలోతునుండి వేడి శిల పైకి వచ్చు స్థానమొకటి గలదు. దానిమీది భూఫలకము సంవత్సరమునకు కొన్ని అంగుళముల చొప్పున వాయవ్యముగా జరుగుచుండును. కొలిమి కదలదు, పైనున్న రేకు కదలును. కావున ఒక్కొక్క దీవి కొలిమిపై పుట్టి, దూరముగా జరిగి, చల్లారి, వానకు, అలకు అరిగిపోవును. వాయవ్యమున నున్న కవాయి వయస్సు సుమారు 50 లక్షల సంవత్సరములు. ఆగ్నేయమున నున్న పెద్దదీవికి 10 లక్షలైనను నిండలేదు. మౌయి నడిమి వయస్సుది. ఈ వయోభేదమే చూడదగిన వస్తువులలోని భేదమునకు మూలము. పెద్దదీవిలో భూమి పుట్టుచుండుట చూడవచ్చును. మౌయిలో పుట్టిన భూమి పండిన తరువాతి సౌఖ్యమును అనుభవింపవచ్చును.

ఇక పెద్దదీవి. దీని వైశాల్యము 4,028 చదరపు మైళ్ళు; అనగా 2022కు పూర్వమున్న మన గుంటూరు జిల్లాకంటె కొంచెము తక్కువ. తక్కిన దీవులన్నిటిని కలిపినను దీనికి సరిరావు. ఇందు 13,600 అడుగులకు మించిన పర్వతములు రెండు గలవు: మౌన కేయా, మౌన లోవా. రెండవది 1984 తరువాత మరల 2022లో అగ్ని గ్రక్కెను. ఆగ్నేయభాగమున కిలవేయా యను చిన్న పర్వతము గలదు. ఎత్తు 4,000 అడుగులే కాని ప్రపంచమున మిక్కిలి చురుకైనవానిలో ఇదియొకటి. 2018లో దీని ద్రవశిల ఊళ్ళమీదికి పారి 700లకు పైగా ఇండ్లను కప్పివైచెను. 2024 డిసెంబరు 23న శిఖరగుండమున మొదలైన ఉద్గారము ఎడతెగక సాగక, విడతలు విడతలుగా వచ్చెను. 2025లో కొన్ని విడతలలో నిప్పు వేయి అడుగులకు మించి చిమ్మెను. ఏ దినమున చిమ్మునో, ఏ దినమున ఊరకుండునో ముందుగా చెప్పుట కష్టము. ఈ సంగతిని దినముల పంపకములో మరువరాదు.

ఈ దీవి పడమటి తీరము కోనా. తూర్పు తీరమున ముఖ్యపట్టణము హీలో. ఆ సముద్రమున గాలి ప్రాయికముగా ఈశాన్యమునుండి వీచును. అది మేఘములను తూర్పు కొండలపై దింపి, పొడియై పడమటికి దాటును. నైరృతి ఋతుపవనము సహ్యాద్రి కావలను కుండపోతగా కురిసి, ఈవలనున్న అనంతపురమును ఎండగట్టుట మన మెరిగినదే. అచ్చటను అంతియే, దిక్కులు మాత్రము తారుమారు. హీలోలో సంవత్సరమునకు 120 అంగుళములకు పైగా వాన, కోనాలో పొడియెండ. ఈ రెండును ఒకే దీవిలో, కారుమీద రెండు గంటలలోపు దూరమున నున్నవి.

మౌయి వైశాల్యము 727 చదరపు మైళ్ళు. పెద్దదీవిలో ఐదవ వంతునకు లోపు. రెండు పర్వతములు, వాని నడుమ చదునైన నేల. ఒకప్పుడు ఆ చదునంతయు చెరకు తోట. ఈ దీవులలో చెరకు వర్తకము 1835లో కవాయిలో ఆరంభమయ్యెను. చీనా, జపాను, పోర్చుగలు, ఫిలిప్పైను దేశములనుండి కూలీలను తెచ్చిరి. మనవారిని ఫిజీకి, మారిషసుకు, నేటాలుకు తీసికొనిపోయిన కథయు ఇట్టిదే. మౌయిలోని కడపటి చక్కెర కర్మాగారము 2016లో మూతపడెను. దానికి సమీపమున పువునెనె యనుచోట ఆ కాలపు పనిముట్లను ప్రదర్శనశాలలో నుంచినారు. సేద్యమెరిగిన పెద్దలకు అది చూడదగినది.

మౌయిలోని తూర్పు పర్వతము హలేయాకలా. ఆ పేరునకు సూర్యుని యిల్లని యర్థము. మౌయి యను వీరుడు, తన తల్లి ఆరవేసిన నారబట్టలు ఎండుటకు ప్రొద్దు చాలకపోగా, ఈ కొండనెక్కి సూర్యుని ఉచ్చులతో పట్టి, మెల్లగా నడువుమని కట్టడి చేసెనట. ఆంజనేయుడు సూర్యుని పండనుకొని ఎగిరిన కథ విన్నవారికి ఇది వింత గాదు. కొండ యెత్తు 10,023 అడుగులు. మన తిరుమల కొండకు మూడు రెట్లు. సముద్రపుటొడ్డునుండి ఒకటిన్నర రెండు గంటలలో కారు శిఖరమును చేర్చును. సూర్యోదయము చూడ వచ్చువారు మిక్కుటమగుటచే, తెల్లవారుజామున 3 మొదలు 7 గంటల వరకు వచ్చు కార్లకు ముందుగా అనుమతి పొందవలెనను నియమమును 2017లో పెట్టిరి. సూర్యాస్తమయమునకు అట్టి నియమము లేదు.

ఇప్పుడు పంపకము. తొమ్మిది రాత్రులున్న యొక కుటుంబమును తలచుకొందము: భార్యాభర్తలు, బడి పిల్లలిద్దరు, అరువదియైదు దాటిన తల్లిదండ్రులు. తొమ్మిది రాత్రులనగా పది దినములని లెక్కింతురు. కాని ఆ లెక్క కాగితముమీది లెక్క. చేరు దినమొకటి, తిరిగి బయలుదేరు దినమొకటి చేతికి రావు. దీవి మారు దినమును అంతియే. విమానము నడచునది ముప్పావు గంటయే యైనను, మూటలు సర్దుట, గది విడుచుట, అద్దె కారు అప్పగించుట, విమానాశ్రయమున కాచియుండుట, ఆవలి ఒడ్డున మరల కారు, మరల గది, ప్రొద్దు గడచును. కావున రెండు దీవులైనచో నికరముగా మిగులునవి ఏడు దినములు. మూడు దీవులైనచో ఆరే. పొలములో గట్లు పెరిగిన కొలది విత్తు నేల తరుగునట్లు, మార్పులు పెరిగిన కొలది చూచు దినములు తరుగును. ఆరు రాత్రులకు లోపైనచో ఒక్క దీవియే మేలు. ఏడు మొదలు పది వరకు రెండు చాలును.

ఏడు దినములను చెరి సగము చేయవచ్చునా? అన్నదమ్ముల పంపకములో చెరి సగము న్యాయము. దీవులకు న్యాయాన్యాయములు లేవు. దూరములు మాత్రమే యున్నవి. పెద్దదీవి పెద్దది, కోనాలో బస చేసి కిలవేయాకు పోయిరావలెనన్నచో పోవుటకు రెండు గంటలకు పైన, వచ్చుటకు అంతే. నిప్పు వెలుగు బాగుగా కనబడునది రాత్రివేళ. రాత్రి చూచి, చీకటిలో కొండదారిని రెండు గంటలకు పైగా నడుపుకొని వచ్చుట యజమానికి అలసట, పెద్దలకు బాధ. కావున పెద్దదీవిలో బస రెండు చోట్ల నుండవలెను. మౌయి చిన్నదగుటచే ఒక్క చోటు చాలును.

నా సూచన యిది. మొదట కోనాలో మూడు రాత్రులు. పిదప అగ్నిపర్వతము చెంత గాని హీలోలో గాని రెండు రాత్రులు. అచ్చటినుండి విమానమున మౌయికి పోయి నాలుగు రాత్రులు. కోనాలో దిగి, దీవిని దక్షిణముగా చుట్టి హీలో చేరి, అటు మౌయికి పోయి, మౌయినుండియే తిరుగు ప్రయాణము చేసినచో, వచ్చిన దారిని మరల త్రొక్కనక్కరలేదు. దారిలో పునలువు నల్లయిసుక తీరమున తాబేళ్ళు ఎండ కాగుచుండును. కావున ఆ మారు దినము వృథా గాదు. నికరపు దినములు పెద్దదీవికి నాలుగు, మౌయికి మూడు. కారును ఒకచోట తీసికొని మరియొకచోట అప్పగించుటకు అదనపు రుసుము అడుగవచ్చును, ముందే విచారించుకొనవలెను. హీలోనుండి మౌయికి నేరు విమానమున్న దినములనే ఎన్నుకొనుట మంచిది. లేనిచో హొనొలులు చుట్టు తిరుగవలసివచ్చును.

కష్టమైనది ముందు, సుఖమైనది వెనుక నుంచుట పెద్దలకు హితము. అమెరికా ఖండమునుండి వచ్చినవారికి గడియారము వెనుకకు పోవుటచే, మొదటి దినములలో తెల్లవారుజాముననే మెలకువ వచ్చును. ఆ మెలకువను కిలవేయాను చీకటితో చూచుటకు వాడుకొనవచ్చును. అప్పుడు జనసమ్మర్దమును తక్కువ. మౌయిలో సూర్యోదయమునకు పెద్దలను రాత్రి రెండు గంటలకు లేపుటకంటె సూర్యాస్తమయమే చాలునని నా యభిప్రాయము.

ఈ పంపకము రాతిమీది గీత గాదు. జనవరి మొదలు మార్చి వరకు పెద్ద తిమింగలములు ఉత్తర సముద్రమునుండి పిల్లలను కనుటకును పెంచుటకును మౌయి చుట్టు నీటికి వచ్చును. ఆ నెలలైనచో కోనాలో ఒక రాత్రి తగ్గించి మౌయికి చేర్చవచ్చును. కిలవేయా విడతకు సిద్ధముగా నున్నదని అచ్చటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నచో, కోనాలోని ఆ రాత్రినే అగ్నిపర్వతము చెంతకు మార్చవచ్చును. ఎట్లైనను ఒక్కొక్క దీవిలో ఒక దినము ఏ పనియు పెట్టుకొనక ఖాళీగా నుంచవలెను. వాన వచ్చినను, ఒడలు నొచ్చినను ఆ దినము ఆదుకొనును.

ఇక పెద్దలు నోరు తెరచి చెప్పవలసిన సంగతులు. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు గలవారు మౌన కేయా శిఖరమునకు పోరాదు. అది దాదాపు 13,800 అడుగులు. 9,200 అడుగుల యెత్తున యాత్రికుల విడిది గలదు. నక్షత్రములు చూచుటకు అదియే చాలును. హలేయాకలాకును వైద్యుని అడిగియే పోవలెను. పైన చలి నీరు గడ్డకట్టునంత యుండవచ్చును, కావున శాలువ కాదు, మందమైన కోటు కావలెను. కిలవేయా పొగలో గంధకపు వాయువు గలదు. ఉబ్బసము గలవారు గాలి దిక్కు విచారించి పోవలెను. సముద్రమున లోతునకు మునిగి యీదిన పిల్లలు ఒక పూర్తి దినము గడచువరకు ఆ కొండలెక్కరాదు. మౌయి తూర్పుకొననున్న హానాకు పోవు దారి 50 మైళ్ళ పైచిలుకు, మలుపులు సుమారు 600. పెక్కు వంతెనలమీద ఒక్క బండియే పట్టును. కడుపులో త్రిప్పువారు సగము దారిలో మరలివచ్చినను లోపము లేదు. వారికి బదులుగా ఇయావో లోయ గలదు. కొలది నడకలో పచ్చని కొండకొమ్ము ఎదుట నిలుచును. స్థానికులు కానివారు దానికిని ముందుగా అనుమతి తీసికొనవలెను.

భోజనము మాట. అచ్చటివారి ప్రాచీనాహారము పోయీ యను ముద్ద; అది మన చేమదుంపయే, ఉడికించి దంచినది. వేయి సంవత్సరములకు పూర్వమో, అంతకు కొంచెము ఇటో, దూరపు దీవులనుండి పడవలలో వచ్చిన వారి పూర్వులు చేమను, అరటిని, చెరకును, కొబ్బరిని, పసుపును వెంట తెచ్చుకొనిరి. మన పెరటి మొక్కలను ఆ నడిసముద్రమున చూచుట పెద్దలకు సంతోషము కలిగించును. వంటగది గల బస దొరికినచో శాకాహారులకు చిక్కు తీరును. పండ్లు, మొక్కలు, విత్తనములు తెచ్చుటకును తీసికొనిపోవుటకును అచ్చట తనిఖీ గట్టిది. తెగుళ్ళ భయమే కారణము. రైతులకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు.

కడపట ఒక మాట. ఆ దీవులు వినోదస్థలములు మాత్రమే కావు; ఒక జాతికి పుట్టిల్లు. కిలవేయా గుండమున పేలే యను దేవత నివసించునని వారి విశ్వాసము. మౌన కేయా వారికి పవిత్రము. మన కొండగుడిలో పరాయివారు చెప్పులతో తిరిగినచో మనకెట్లుండునో తలచుకొని అచ్చట నడచుకొనవలెను. ఆ కొండలనుండి ఒక్క రాయినైనను తీయరాదు. చట్టమును అదియే చెప్పుచున్నది.

మౌయి పడమటి తీరమున లహైనా పట్టణము ఒకప్పుడు హవాయి రాజులకు రాజధాని. 2023 ఆగస్టు 8న గాలితో కూడిన అగ్ని ఆ పట్టణమును దహించెను. 102 మంది మరణించిరి. రెండువేలకు పైగా కట్టడములు బూడిదయైనవి. ఆ పట్టణపు నడుమ 1873లో నాటిన యొక మర్రిచెట్టు గలదు. అది మన భారతదేశమునుండి వచ్చిన మర్రి. నాటినప్పుడు ఎనిమిది అడుగుల మొక్క, పిదప ఊడలు దిగి ఎకరములో మూడింట రెండువంతుల మేర వ్యాపించెను. ఆ మంటలో కొంత మాడెను, కొన్ని కొమ్మలు చచ్చెను. ఊరివారు నీరు పోసి, ఎరువు వేసి కాపాడగా, కొలది వారములకే మరల చిగిర్చెను. మౌయికి పోయినవారు సొమ్ము కోల్పోయినవారి యెదుట వేడుకకు వచ్చినవారివలె గాక, పరామర్శకు వచ్చిన బంధువులవలె మెలగవలెను. కాలిన యిండ్ల ఛాయాచిత్రములు తీయక, అచ్చటి చిన్న అంగడులలో కొని, తిని, మంచిమాట చెప్పి రావలెను.

పెద్దలారా, పిల్లలు అడిగినప్పుడు ఈసారి "మీ యిష్టము" అనక, మూడు ప్రశ్నలు వేయుడు. ఎన్ని రాత్రులు? ఎన్ని మార్పులు? ఖాళీ దినమున్నదా? పిదప మీ ఒంటిలోని నలతను దాచక చెప్పుడు. ఆ నాలుగు మాటలు ముందుగా చెప్పినచో, పిల్లల ధనమును, సెలవును, మీ ఆరోగ్యమును మూడును నిలుచును. తాతయు మనుమడును ప్రక్కప్రక్కన నిలిచి భూమి పుట్టుటను చూచు భాగ్యము తరచుగా దొరకదు. దానిని తొందరలో పోగొట్టుకొనకుందురు గాక. ఇక సెలవు.